కాలువ గట్టున గాలము

"చేపలు పట్టడం తప్పా అయ్యగారూ?" అని మన సంఘములలో ఎవరూ అడగరు. మధ్యాహ్నం చేపల పులుసుతో భోంచేసి ఆ ప్రశ్న వేయడం ఎవరికైనా కష్టమే. "సరదాకు చేపలు పట్టవచ్చునా?" అని మాత్రం అడుగుతున్నారు. అడిగేవారిలో ఎక్కువమంది తల్లులు. వారి అబ్బాయిలు ఫోనులో వీడియోలు చూచి, బెజవాడ వెళ్లి రీలు తగిలించిన కర్ర కొనుక్కొని, సెలవు దొరికితే చాలు కరకట్ట మీదికి పోతున్నారు. ఇది జూదము కాదు, త్రాగుడు కాదు. అలాగని చదువూ కాదు, పనీ కాదు. మరి దీనిని ఏమనాలి అని ఆ తల్లుల సందేహము.

మా జవాబు ముందే చెప్పివేస్తున్నాము. పట్టవచ్చును, ఆనందముగా పట్టవచ్చును. అయితే కర్ర కొడుకు చేతికిచ్చి తండ్రి ఇంట్లో పడుకోకూడదు. తండ్రి కూడా గట్టుకు వెళ్లాలి. ఎందుకో ముందుకు పోయేకొద్దీ తెలుస్తుంది. ఆదివారము ఉదయము మాత్రం వద్దు. చేపలకు వారము తెలియదు గనుక అవి శనివారము కూడా పడతాయి.

గ్రంథములో గాలము

సువార్తలలో చేపలు పట్టడమంటే దాదాపుగా వలలే. పేతురును, అంద్రెయను ప్రభువు పిలిచినప్పుడు వారు వల వేస్తున్నారు. యాకోబు, యోహానులు దోనెలో వలలు బాగుచేసుకుంటున్నారు. పునరుత్థానము తరువాత తిబెరియ సముద్రములో దొరికిన 153 పెద్ద చేపలూ వలలోనే పడినవి. గాలము మాట నాలుగు సువార్తలలో ఒక్కచోటనే ఉన్నది. మత్తయి 17వ అధ్యాయము చివరిలో, కపెర్నహూములో దేవాలయపు పన్ను అడిగినప్పుడు, సముద్రమునకు పోయి గాలము వేయమనీ, మొదట పైకి వచ్చిన చేప నోట నాణెము దొరుకుతుందనీ ప్రభువు పేతురుకు చెప్పాడు. పేతురు పుట్టు వలవాడు. వల వేయాలంటే దోనె కావాలి, తోడు మనుషులు కావాలి, ఒక్కొక్కసారి రాత్రంతా కష్టపడాలి. గాలానికి ఒక మనిషి, ఒక దారము చాలు. కావలసినది ఒక్క చేపే అయినప్పుడు వలతో పనేమి?

గలిలయ యాత్రకు వెళ్లివచ్చినవారు అక్కడ "పేతురు చేప" తిన్నామని చెబుతారు. అది తిలాపియా జాతి చేప. మన కాలువల్లో, మురుగు కోడుల్లో కుప్పలుగా కనబడే తిలాపియాకు అది దాయాది. మన దేశములోకి ఆఫ్రికా తిలాపియాను తెచ్చినది 1952లో. అయితే గలిలయ సరస్సు మీదనే చేపలు పట్టుకొని బ్రతికి, ఆ సరస్సును గురించి పుస్తకములు వ్రాసిన మెండెల్ నూన్ అనే ఆయన ఈ మాట ఒప్పుకోలేదు. అక్కడి తిలాపియా నీటిలో తేలే సూక్ష్మమైన నాచును, పురుగును తింటుంది, గాలానికి గ్రుచ్చిన ఎర జోలికి రాదు, కాబట్టి పేతురుకు పడినది మీసాలు గల బార్బెల్ చేప అయి ఉండాలని ఆయన వాదన. బార్బెల్ అంటే మన పరిగె, బొచ్చె, శీలావతి ఉన్న కుటుంబములోనిదే. కనుక మీ అబ్బాయి మొదటిరోజు వేలెడు పరిగె తెస్తే చిన్నచూపు చూడకండి. దానికి పెద్ద బంధువర్గమే ఉన్నది.

బ్రతుకుతెరువుకు కాక మనస్సు నెమ్మది కొరకు గాలము వేయుటను గురించి చాలామంది వ్రాశారు. ఇంగ్లాండులో రాజును చంపి నాలుగేండ్లయిన కల్లోల కాలములో, 1653లో, ఐజాక్ వాల్టన్ అనే భక్తిగల వ్యాపారి అచ్చువేసిన "ది కంప్లీట్ ఆంగ్లర్" ఈనాటికీ చదువుతున్నారు. భక్తకవులు జాన్ డన్, జార్జ్ హెర్బర్ట్ జీవితములు వ్రాసినదీ ఆయనే. మన మదరాసు ఇలాకాలో అధికారిగా ఉన్న హెన్రీ సల్లివన్ థామస్ 1873లో "ది రాడ్ ఇన్ ఇండియా" వ్రాశాడు, 1887లో చెరువుల్లో గాలము వేయడం గురించే మరొక పుస్తకము వ్రాశాడు. అయితే ఇది దొరల ఆట అనుకోనక్కరలేదు. మన పల్లెల్లో గేదెలు కాచే పిల్లలు ఏ పుస్తకమూ చూడకుండానే వెదురు కొసకు దారము కట్టుకున్నారు.

ఎక్కడ, ఎప్పుడు

కృష్ణా డెల్టా మనిషికి నీరు వెదకవలసిన పని లేదు. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారము కెప్టెన్ ఆర్ కట్టించిన ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయినది. అది 1952లో తెగినది. దాని స్థానములో ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయినది. అక్కడినుండి తూర్పు డెల్టాకు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, పడమటి డెల్టాకు కృష్ణా పశ్చిమ కాలువ, దాని క్రింద కొమ్మమూరు కాలువ పోయి, 13 లక్షల ఎకరాలు తడుపుతున్నవి. కాలువలు, పంట బోదెలు, ఊరి చెరువులు, మురుగు కోడులు - వీటన్నిటిలో చేప ఉన్నది.

కాని ప్రతి నీరూ నేర్చుకొనేవారి నీరు కాదు. వానాకాలము కాలువలు వదిలినప్పుడు వచ్చేది ఎర్రటి నీరు, వడి ఎక్కువ. గాలము నిలువదు, మనిషీ నిలువడు. వరికోతలు అయిపోయి మినుము మొలిచే వేళకు, సంక్రాంతికి ముందూ వెనుకా, నీరు తేరుకొని నెమ్మదిస్తుంది. మొదటిసారి వెళ్లేవారికి అంతకన్న మంచి కాలము లేదు. ఎండాకాలము కాలువలు కట్టేసిన తరువాత లోతైనచోట్ల మడుగులు మిగులుతాయి. చేప అక్కడ చేరుతుంది గాని, ఎండకు మనము చేరలేము. తెల్లవారి ఒక గంట, ప్రొద్దు వాలిన తరువాత ఒక గంట చాలు.

పెద్ద కాలువ కన్న, నడుములోతు మించని పంట బోదె గాని, మెట్లున్న ఊరి చెరువు గాని మేలు. బెజవాడ పట్టణము నడుమ పారే కాలువల్లో ఊరి మురుగు కలుస్తున్నది. అక్కడ పడిన చేపను ఇంటికి తేవద్దు. పొలాల్లోకి వచ్చిన తరువాత గాలము వేయండి. కొల్లేరు చూడబోయినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ సరస్సును 1999లో అభయారణ్యముగా ప్రకటించారు, 2006లో దాని లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. ఆటపాక వద్ద గూడబాతులు వచ్చేది అక్కడికే. ఆ పక్షుల పాలు పక్షులకు విడిచిపెట్టండి. కైకలూరు, మండవల్లి ప్రాంతాల్లోని చెరువులు సొంతదార్లవి. అక్కడి బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో లారీలకెక్కి కలకత్తా దాకా పోతాయి. ఆసామి పిలిచి వేసుకోమంటే వేసుకోవచ్చు, పిలువకపోతే అది దొంగతనమే. సరదా దొంగతనమని వేరే లేదు.

సరంజామా

రీలు కర్ర మొదటే కొనవద్దని మా సలహా. అది విసరడం నేర్చుకొనేసరికి దారము చిక్కుపడి పిల్లవాడికి ఏడుపు వస్తుంది, తండ్రికి కోపము వస్తుంది, సాయంత్రము కాస్తా అయిపోతుంది. ఎనిమిది, తొమ్మిది అడుగుల సన్నని వెదురు చాలు. నీడన పది రోజులు ఆరవేసి, కణుపులు కత్తితో నున్నగా చెక్కండి. కొస చిటికెన వ్రేలంత సన్నగా ఉండి వంగాలి. దానికి కర్ర పొడవంత నైలాన్ దారము కట్టండి. మరీ పొడవైతే చేపను చేతికి అందుకోలేరు.

గాలములకు నంబర్లుంటాయి. అంకె పెరిగేకొద్దీ గాలము చిన్నదవుతుంది. పరిగెలకు, చిన్న జెల్లలకు 10 లేక 12 నంబరు సరిపోతుంది. పెద్ద గాలము కట్టి పెద్ద చేప కొరకు కూర్చునే క్రొత్తవాడు ఉత్త చేతులతో వస్తాడు. దారమును గాలపు చెవిలోనుండి దూర్చి, అసలు దారము చుట్టూ ఐదారు చుట్లు త్రిప్పి, చెవి ప్రక్కన మిగిలిన చిన్న సందులోనుండి కొసను తెచ్చి, ఉమ్మితో తడిపి మెల్లగా బిగించండి. పొడిగా బిగిస్తే ఆ రాపిడికే నైలాన్ బలము చచ్చిపోతుంది. గాలపు కొసకు లోపలివైపు చిన్న ముల్లు ఉంటుంది. పిల్లల గాలానికి దానిని పటకారుతో నొక్కివేయండి. చేప ఒకటో రెండో జారిపోతుంది, పోనివ్వండి. వ్రేలికి గ్రుచ్చుకున్నప్పుడు మాత్రం సులువుగా వస్తుంది. ముల్లున్న గాలము కండలో దిగితే లాగవద్దు, డాక్టరు చేతనే తీయించి ధనుర్వాతపు సూది వేయించండి.

గాలానికి జానెడు పైన మినపగింజంత సీసము నొక్కండి. దాని పైన బెండు. జీలుగు బెండు ముక్క వ్రేలంత కోసి కట్టుకుంటే ఏ బజారు సరుకూ దానికి సాటి రాదు. బెండును పైకీ క్రిందికీ జరుపుకొని, ఎర నీటి అడుగుకు నాలుగు వ్రేళ్లు పైన వ్రేలాడేటట్టు చూసుకోవాలి. క్రొత్తవారిలో సగంమందికి చేప పడకపోవడానికి కారణము ఇదే. చేప అడుగున మేస్తుంటే ఎర మధ్యలో వ్రేలాడుతుంది.

ఎరకు ఎర్రలు. బోరింగు పంపు ప్రక్క తడి మట్టిలోనో, పెంటపోగు అంచునో త్రవ్వితే దొరుకుతాయి. కొబ్బరి చిప్పలో తడిమట్టి వేసి అందులో ఉంచండి. ఎర్రలంటే అసహ్యపడే పిల్లలకు గోధుమపిండి గట్టిగా కలిపి, కొంచెము తెలగపిండి చేర్చి, శనగగింజంత ముద్దలు చేసి ఇవ్వండి. పరిగెలకు ఇదే ఎక్కువ ఇష్టము. కూర్చునే ముందు వేయించిన తవుడు రెండు పిడికెళ్లు తడిపి ఉండచేసి నీళ్లలో వేస్తే, పావుగంటలో చేప ఆ వాసనకు చేరుతుంది.

కూర్చోవడం

ఈ పనిలో నేర్చుకోవలసినది అసలు ఇదే. దివిసీమలో మేము పరిచర్యకు వెళ్లే ఒక లంక గ్రామములో వలకట్టు పెద్ద ఒకరున్నారు. ఆయన మా కర్ర వంక, గాలము వంక చూడనైనా చూడలేదు. "అయ్యగారూ, ముందు మీ నీడ నీళ్లమీదనుంచి తియ్యండి" అన్నారు. ప్రొద్దుకు ఎదురుగా కూర్చుంటే నీడ వెనుకకు పడుతుంది. తెల్లచొక్కా వద్దు. గట్టుమీద దబదబా నడిస్తే ఆ అదురు నీటిలోకి పోతుంది. మాటలు మెల్లగా ఆడుకోవచ్చును. మాటలకన్న చేప అడుగుల చప్పుడుకే ఎక్కువ బెదురుతుంది.

బెండును చూస్తే క్రింద ఏ చేప ఉన్నదో కొన్నాళ్లకు తెలుస్తుంది. టకటకమని నాట్యమాడితే పరిగెలు. అప్పుడే లాగవద్దు, ఒక్కసారి మునగనివ్వండి. జెల్ల అయితే బెండును ప్రక్కకు ఈడ్చుకుపోతుంది. బెండు మెల్లగా ఒరిగి, ఆలోచించినట్టు ఆగి, క్రిందికి దిగిపోతే మోసో, శీలావతో అనుకోండి. లాగడమంటే కర్రను ఆకాశానికి ఎత్తడము కాదు. మణికట్టు ఒక్కసారి త్రిప్పితే చాలు. కొందరు లాగిన వేగానికి చేప వెనుకనున్న తుమ్మచెట్టులో పడుతుంది.

పడిన చేపను తడిచేతితో పట్టుకోండి. దాని ఒంటిమీది జిగురు దానికి కవచము, పొడిచేతికి ఊడిపోతుంది. అరచేతికన్న చిన్నదైన జెల్ల, మట్టగిడస, కొర్రమీను పిల్ల పడితే గాలము తీసి నీటిలోనే వదలండి, పైనుండి విసరవద్దు. జెల్లకు వీపున ఒకటి, రెండు ప్రక్కల రెండు ముళ్లున్నవి, ఆ ముళ్ల వెనుకనుండి పట్టుకోవాలి. ఇంగిలాయి ముల్లులో విషమున్నది. గ్రుచ్చుకుంటే చేయి భుజము దాకా సలుపుతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చేయి ముంచి ఉంచితే బాధ తగ్గుతుంది. వాపు ఎక్కితే ఆసుపత్రికి వెళ్లవలసినదే.

కొర్రమీను సంగతి కొంచెము విడిగా చెప్పాలి. తెలంగాణ ప్రభుత్వము తమ రాష్ట్ర చేపగా ఎంచుకున్నది దీనినే. నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొనే చేప గనుక బురదలో కూడా బ్రతుకుతుంది. తొలకరి వానలకు గుడ్లు పెట్టిన తరువాత తల్లీ తండ్రీ రెండూ పిల్లలను కాచుకుంటాయి. నీటిమీద ఎర్రగా నిప్పురవ్వల గుంపులా కదిలేవి కొర్రమీను పిల్లలు. వాటి క్రింద పెద్ద చేప తప్పక ఉంటుందని తెలిసి, కొందరు సరిగ్గా అక్కడే గాలము వేస్తారు. పిల్లల మీదికి వచ్చిన దేనినైనా అది కరుస్తుంది, కాబట్టి పట్టడము బహు సులభము. పట్టిన గంటకల్లా ఆ పిల్లలను తక్కిన చేపలు తినివేస్తాయి. ఒక కూర కొరకు వందల చేపలు పోయినట్టే. మేము ఆ పని చేసేవారిని గట్టుమీదనే గద్దించాము, మళ్లీ గద్దిస్తాము. కొర్రమీనుకు కప్పను గ్రుచ్చడము కూడా మానండి. కప్ప మన పొలములో పురుగును తినే కూలీ. ఆ కారణముచేతనే కప్పకాళ్ల ఎగుమతిని మన దేశము 1987లో ఆపివేసినది.

నీటి దగ్గర భయము

తండ్రి కూడా వెళ్లాలని మొదట అన్నాము. చిన్న శవపేటికను మోసినవాడెవడైనా అదే మాట అంటాడు. ఎండాకాలపు సెలవుల్లో కృష్ణలోనో, కాలువలోనో పిల్లలు పోయిన కబురు లేని సంవత్సరము మా పరిచర్యలో తక్కువ. ఆ ఇళ్లలో ఏమి బోధించాలో ఏ బైబిలు పాఠశాలలోనూ నేర్పరు.

నదిలో ఇసుక త్రవ్విన గోతులు పైనుండి కనబడవు. మోకాలిలోతు నీటిలో నడుస్తున్న పిల్లవాడు మరుసటి అడుగుకు రెండు నిలువుల లోతులో ఉంటాడు. రాతికట్టు వేసిన కాలువ గట్టు పాకుడుపట్టి ఉంటుంది. జారినవాడికి పట్టు దొరకదు. లాకుల దగ్గర, బ్యారేజీ గేట్ల క్రింద చేప విస్తారముగా చేరుతుంది. ఎగువకు పోవాలని వచ్చి, దారి లేక అక్కడ ఆగిపోతుంది. చేపల శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873 నాటి తన నివేదికలోనే మన దేశపు ఆనకట్టల వద్ద ఈ సంగతి వ్రాశాడు. చేప ఉన్నది గనుక మనుషులూ అక్కడికే పోతారు. క్రింద సుడి ఉంటుంది, గేటు ఎత్తితే నీరు క్షణాల్లో పెరుగుతుంది. 2024 సెప్టెంబరులో ఆ బ్యారేజీ గుండా 11.43 లక్షల క్యూసెక్కుల నీరు పోయినది. ఆ గేట్లు ఎటువంటి నీటికి కట్టినవో అప్పుడు చూశాము. గేట్ల క్రింద, లాకుల మీద పిల్లలతో గాలము వేయవద్దు. ఇందులో మినహాయింపు లేదు.

బయలుదేరే ముందు ఐదు లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ క్యాను మూత బిగించి, దాని చెవికి నలభై అడుగుల తాడు కట్టి వెంట తీసుకుపోండి. ఎవరైనా జారితే ఆ క్యాను విసిరి లాగాలి. ఈత రానివాడు దూకితే ఇద్దరు పోతారు. ఈత వచ్చినవాడు కూడా మునిగేవాడి కౌగిలిలో పోవచ్చును. బయటికి తీసిన బిడ్డను తలక్రిందులుగా త్రిప్పడము, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడము మన ఊళ్లలో అలవాటు. దానివలన విలువైన నిమిషాలు పోతాయి, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిల పడుకోబెట్టి, ముక్కు మూసి నోటిలో నోరు పెట్టి వెంటనే ఊపిరి ఊదాలి. కదలిక రాకపోతే రొమ్ము మధ్యను గట్టిగా, వేగంగా నొక్కుతూ మధ్యమధ్య ఊపిరి ఇవ్వాలి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి. సండే స్కూలు సెలవుల్లో ఒక నర్సమ్మను పిలిచి పెద్దపిల్లలకు ఇది నేర్పించడము ప్రతి సంఘమునకు సాధ్యమే.

గట్టుమీద కరెంటు తీగలు ఎక్కడున్నవో పైకి చూడండి. తడిసిన వెదురైనా, బజారు కర్రైనా తీగకు తగిలితే ప్రాణము తీస్తుంది. ఉరుము వినబడగానే కర్ర క్రింద పెట్టి ఇంటిదారి పట్టండి, చెట్టు క్రిందికి పోవద్దు. నీటిలో ఈదే నీరుకట్టెకు విషము లేదు. గట్టు తుప్పల్లో ఉండే రక్తపింజరికి ఉన్నది. కూర్చునేచోటు ముందు కర్రతో తట్టి చూడండి.

ఎవరి నీరు?

ఊరి చెరువు చాలాచోట్ల పంచాయతీ వేలము పాటలో గాని, మత్స్యకారుల సంఘమునకు గాని ఇచ్చి ఉంటారు. వారు అప్పు తెచ్చి చేపపిల్లలు వదులుతారు. మన గాలానికి పడే నాలుగు చేపలు వారికి లెక్క కాకపోవచ్చును. అయినా అడగాలి. "బాబాయ్, పిల్లవాడు సరదా పడుతున్నాడు, ఒక గంట కూర్చుంటాము" అంటే కాదనే మత్స్యకారుడిని మేము ఇంతవరకు చూడలేదు. పైగా ఏ మూల చేప ఉన్నదో ఆయనే చూపిస్తాడు. కారు దిగి, అడగకుండా కూర్చుని, "చెరువు నీ సొంతమా?" అని ఎదురు ప్రశ్నించే విశ్వాసులను కూడా చూశాము. వారు మరుసటి ఉదయము ఆరాధనలో పాట ఎత్తుకున్నప్పుడు మాకు వినబుద్ధి కాలేదు.

నీటిలో కరెంటు తీగ పెట్టడము, మందు కలపడము, పేలుడు వేయడము వేటగాళ్ల పని కూడా కాదు. ప్రేలుడు పదార్థములతోను, విషముతోను చేపలు చంపడము 1897 నాటి భారత మత్స్యపరిశ్రమ చట్టము క్రిందనే నేరము. ఆ నీరు గేదెలు త్రాగుతాయి, క్రింది ఊరి పిల్లలు స్నానము చేస్తారు. మన పిల్లవాడు అటువంటి వారి వెంట ఉన్నాడని తెలిస్తే తండ్రి ఆ సాయంత్రమే మాట్లాడాలి.

తండ్రీ కొడుకులు

మా సంఘములో ఒక ఇంట ఇంటర్ తప్పిన కొడుకు, తండ్రి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడము మానివేశారు. అన్నము పెట్టమని అడగడానికి కూడా తల్లి మధ్యవర్తి. మూడు నెలలు అలాగే జరిగినది. మేము వెళ్లి ప్రార్థన చేసి వచ్చాము, ఇద్దరూ ఆమేన్ అన్నారు, మాట మాత్రం కలవలేదు. ఆ తల్లి ఇద్దరికీ చెరొక కర్ర ఇచ్చి బోదె గట్టుకు పంపినది. ఎదురుబొదురుగా కూర్చోబెడితే ఆ ఇద్దరూ పోట్లాడుకొనేవారే. గట్టుమీద ప్రక్క ప్రక్కన కూర్చుంటారు, ఇద్దరి చూపూ బెండు మీదనే ఉంటుంది, ఒకరి ముఖము ఒకరు చూడనక్కరలేదు. మొదటిరోజు ఎన్ని చేపలు పడినవని అడిగితే, "ఏమీ లేదండీ అయ్యగారూ, నాన్న గాలము రెండుసార్లు తుమ్మకు తగులుకుంది, నేనే తీశాను" అన్నాడు కుర్రవాడు. ఏమి మాట్లాడుకున్నారో మేము అడగలేదు. తరువాతి శనివారము మూడు గంటలకే కర్రలు మళ్లీ గోడ దగ్గర కనబడలేదని తల్లి చెప్పినది.

ఆడపిల్లలను కూడా తీసుకువెళ్లండి. మేము చూచినంతలో, బెండు మునిగేదాకా ఆగే ఓర్పు వారికే ఎక్కువ.

తెచ్చిన చేపను అమ్మమీద పడవేసి ఫోను పట్టుకోవద్దు, పట్టినవాడే బాగుచేయాలి. పరిగెలలో చేదుపరిగె ఉంటుంది. పొట్ట పూర్తిగా తీసి, లోపలి నల్లపొర గోటితో గీకకపోతే కూరంతా చేదు. జెల్లను, కొర్రమీనును పొయ్యి బూడిదతో రుద్దితే జిగురు పోతుంది. ఆ తరువాత రాళ్ల ఉప్పుతో, చివర మజ్జిగతో కడగాలి. వేసవిలో మామిడికాయ ముక్కలు, తక్కిన కాలములో చింతపండు. గరిటె పెట్టవద్దు, చట్టిని రెండు చేతులతో పట్టుకొని త్రిప్పాలి. శనివారము సాయంత్రము కాచి, చల్లారగానే ఫ్రిజ్‌లో ఉంచిన పులుసు, ఆదివారము ఆరాధన ముగిసి ఇంటికి వచ్చేసరికి ముక్కకు పులుపు పట్టి సిద్ధముగా ఉంటుంది.